నాలుగు సగాలు

అక్క పోయింది గురువారం. తెల్లవారితే మార్చి నెల మొదటి శుక్రవారం. ప్రతి నెలా మొదటి శుక్రవారం పదకొండు గంటలకు మా కతోలిక గుడి నుంచి, ఫాదర్ గారి తరఫున రోగుల ఇళ్ళకు తిరిగే బాలశౌరి గారు మంచంలో ఉన్న అక్కకు సత్ప్రసాదం తెచ్చేవారు, మెడలో వేలాడే చిన్న సంచీలో, కుంకుమ భరిణెకన్నా చిన్నదైన గుండ్రటి డబ్బాలో. ఆ శుక్రవారం కూడా ఆయన పదకొండుకే వచ్చారు. మెడలో సంచీ లేదు. అక్కను గుడికి తీసుకుపోయే బండి వాకిట్లో నిలబడి ఉంది. పెట్టె మూత వేసే ముందు ఆయన నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "చేతికి జపమాల చుట్టిండ్రు, మంచిదే టీచరమ్మా. ఫిలోమినమ్మ జపాల పుస్తకం గూడ పెట్టరాదు? ముప్పై ఏండ్ల సంది దాన్ని ఇడిసింది లేదు" అన్నారు. పెడతానని లోపలికి వెళ్ళాను. దిండు కింద నుంచి పుస్తకం తీస్తే నడుమ ఏదో ఎత్తుగా తగిలింది. తెల్లగుడ్డ మడత. విప్పాను. మూశాను. పుస్తకాన్ని బీరువాలో నా చీరల కింద పెట్టి బయటికి వచ్చి, దొరకలేదండీ అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా పిల్లలకు అబద్ధం ఆడకండని చెబుతున్న మనిషిని, అక్క పెట్టె మీద చెయ్యి వేసి అబద్ధం ఆడాను. ఆయన నమ్మారు. టీచరు మాటను ఎవరైనా నమ్ముతారు.

ఈరోజు మట్టల ఆదివారం. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. చిన్న బల్ల మీద తెల్లబట్ట పరిచాను, కొవ్వొత్తి పెట్టాను, గాజుగ్లాసులో నీళ్ళు పెట్టాను, మొదటి శుక్రవారాల్లో అక్క కోసం ఎట్లా అమర్చి బడికి పోయేదాన్నో అట్లాగే. బల్ల మీద జపాల పుస్తకం ఉంది. పుస్తకంలో గుడ్డ మడత ఉంది. మడతలో నాలుగు ముక్కలు ఉన్నాయి, నాలుగూ సగాలు, అర్ధచంద్రాకారంలో, కాగితమంత పల్చగా, అంచుల్లో కొంచెం లేత గోధుమరంగు తిరిగి. మా మతం కానివాళ్ళు చూస్తే ఏదో అప్పడం ముక్కలనుకుంటారు. పూజలో గురువు, అంటే ఫాదర్ గారి, చేతుల్లోకి వెళ్ళేదాకా అది గోధుమ అప్పమే. ఆ తరువాత కాదు. ఆ తరువాత అది ఎవరో మాకు తెలుసు. అందుకే ఈ గదిలో నేను కుర్చీ మీద కూర్చోవాలా, మోకాళ్ళ మీద ఉండాలా అన్నది నెల రోజులుగా తేలలేదు. కూర్చుంటాను, సిగ్గు వేసి మోకరిస్తాను, మోకాళ్ళు నొచ్చి మళ్ళీ కూర్చుంటాను.

కిటికీ అవతల అశోక్‌నగర్ అప్పుడే లేచింది. లైబ్రరీకి పోయే పిల్లలు సంకలో లావు పుస్తకాలు, చేతిలో టీ గ్లాసులు పట్టుకుని గుంపుగా నిలబడ్డారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదిరా, రాష్ట్రమొస్తే గని రాదు, గప్పటిదాంక మనకు ముసలితనం వస్తదిరా భయ్, అని నవ్వుకుంటున్నారు. ఆదివారం కనుక బస్సుల రొద తక్కువ. గాలి ఇటు తిరిగిన రోజున నారాయణగూడ వైపు నుంచి మా గుడి గంట వినిపిస్తుంది. నడిస్తే పదిహేను నిమిషాలు. రెండేళ్ళుగా ఆ పదిహేను నిమిషాలు నేను నడవలేదు. నడవలేకపోయాను అని అందరికీ చెప్పాను, ఫాదర్ గారికి, బాలశౌరి గారికి, బడిలో తోటి టీచర్లకు. అందులో ఎంత నిజమో ఇప్పుడిప్పుడే లెక్కకు వస్తోంది.

అక్కకు పక్షవాతం వచ్చింది రెండువేల తొమ్మిది డిసెంబరులో. వీధుల్లో విద్యార్థుల ఊరేగింపులు, విద్యానగర్ వైపు దారి మూసేశారు, అంబులెన్సు చుట్టూ తిరిగి వచ్చింది. అప్పుడు అక్క గుడి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇరవై ఆరేళ్ళు ఆ పని ఆమెదే, పీఠం మీద పరిచే వస్త్రాలు, పాత్ర తుడిచే చిన్న గుడ్డలు ఇంటికి తెచ్చి ఉతికి, గంజి పెట్టి, మూడు మడతలు అటు మూడు మడతలు ఇటు వేసి ఇచ్చేది. మిగతా సమయమంతా కుట్టుమిషను. ఆ మిషనే నన్ను బి.ఇడి. చదివించింది. ఆ రోజు అక్క పడిపోతే ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే ఉండిపోయింది. వచ్చి చూసేసరికి కాలిన వాసన, గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. కాలిన గుడ్డను గుడికి తిరిగి ఇవ్వకూడదు. దాన్ని ఏం చేశామో నాకు గుర్తు లేదు. అక్కకు గుర్తుంది. సగాలు మడిచిన గుడ్డ అదే. మచ్చ లోపలికి వచ్చేట్టు మడిచింది, ఒక్క ఎడమచేత్తో, మూడు మడతలు అటు, మూడు మడతలు ఇటు.

కుడివైపు పోయింది, మాట పోయింది. చూపు పోలేదు, మతి పోలేదు. వాటికి ఏమీ కాలేదన్నదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది, ఎవరికీ అనలేదు గాని. మొదట్లో ఒక ఆదివారం కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరు భార్య సులోచనమ్మను అక్క దగ్గర కూర్చోబెట్టి పూజకు వెళ్ళాను. పాలు పొంగుతున్నాయని ఆమె రెండు నిమిషాలు కిందికి దిగిందట. నేను వచ్చేసరికి అక్క సగం మంచం మీద, సగం నేల మీద, లాలాజలం గొంతులోకి పోయి, ముఖం నల్లబడి ఉంది. సులోచనమ్మ నాకన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ తరువాత ఆదివారాల్లో ఎక్కడికీ పోలేదు. మామూలు రోజుల్లో నేను బడికి పోతే దోమలగూడ బస్తీ నుంచి కురుమమ్మ వచ్చి అక్కను చూసుకునేది, మహబూబ్‌నగర్ దిక్కు మనిషి, భర్త ఎంకయ్య మేస్త్రీ పని. ఆదివారాలు ఆమె ఫంక్షన్ హాళ్ళలో గిన్నెలు తోమడానికి పోవాలి. అందుకే ఆదివారాలు ఇంట్లోనే మా పూజ. సరిగ్గా ఎనిమిదికి మొదలు. నేను ఆ ఆదివారపు పఠనాలు చదివేదాన్ని, అక్క వినేది. గురువు అప్పాన్ని పైకెత్తే ఘడియ వచ్చిందని తనకు ఎట్లా తెలిసేదో, గోడ గడియారం వంక చూడకుండానే చెంచాతో స్టీలు గ్లాసును మూడుసార్లు కొట్టేది, గుళ్ళో గంట బదులు. అప్పుడు ఇద్దరం తల వంచేవాళ్ళం. రాలేనివాళ్ళు మనసారా కోరుకుంటే చాలు, ఆయనే వస్తాడు, ఆయనకు మీ ఇంటి అడ్రసు తెలుసు టీచరమ్మా అని ఫాదర్ గారు నవ్వుతూ చెప్పారు. నేను కళ్ళు మూసుకుని ఆ జపం చెప్పేదాన్ని, రమ్మని. ఒక్క మాట తప్పు పోకుండా చెప్పేదాన్ని. కోరుకునేదాన్నా అన్నది వేరే సంగతి.

గంట. అవును, గంటే. ఎనిమిది. ఈరోజు గుడి బయటనే మొదలవుతుంది, మట్టలు ఆశీర్వదిస్తారు, అందరూ మట్టలు పట్టుకుని పాడుతూ వీధి చుట్టి గుళ్ళోకి పోతారు. అక్క నడిచే రోజుల్లో మట్టలను చీల్చి శిలువలు అల్లేది, పక్కింట్లో పిల్లలు సంయుక్త, అనురాగ్ కూడా వచ్చి నేర్చుకునేవాళ్ళు. ఇది మా సరస్వతి బొమ్మ వెనుక పెట్టుకోవచ్చునా అత్తా అని అడిగేది సంయుక్త. పెట్టుకోవే, ఇద్దరికీ తోడుంటది అనేది అక్క. అక్కకు నియమాలన్నీ తెలుసు. అయినా నవ్వేది. నాకు నియమాలు మాత్రమే తెలుసు.

ఆ గుడ్డలు ఉతికే నియమమే చెప్పాలి. పాత్ర తుడిచిన గుడ్డలో కంటికి కనిపించని సత్ప్రసాదపు అణువు ఉండవచ్చు. అందుకని మొదట ముంచిన నీళ్ళు మోరీలో పోయకూడదు, మనుషులు తొక్కని మట్టిలో పోయాలి. అశోక్‌నగర్‌లో మనుషులు తొక్కని మట్టి ఎక్కడిది? వాకిలంతా సిమెంటు. మేము ఈ వాటాలో కిరాయికి దిగిన వారానికే అక్క బేసిన్ పట్టుకుని మెట్లు దిగి, సులోచనమ్మ తులసికోట ముందు నిలబడి, సంగతంతా దాచకుండా చెప్పి, పోయవచ్చునా అని అడిగింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను, రేపే గది ఖాళీ చెయ్యమంటారని. సులోచనమ్మ బేసిన్‌లోకి తొంగిచూసి, "మడి నీళ్ళే గద ఫిలోమినా, పొయ్యి. మీ యేసయ్య మా తులసమ్మ ఇంటికి వచ్చిండనుకుంట. ఉత్త చేతులతోని రాలే, నీళ్ళు పట్టుకొని వచ్చిండు" అన్నది. ఆమె భర్త కిషన్ రావు గారు పేపరు వెనుక నుంచి, "చుట్టమొచ్చిండు సరే, కరెంటు బిల్లుల వాటా ఇస్తడా?" అన్నారు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళు ఆ తులసికి ఆ నీళ్ళే. అణువు కింద పడకూడదని ఇరవై ఏళ్ళు మెట్లు దిగిన మనిషి. ఆ మనిషి సత్ప్రసాదాన్ని విరిచి దిండు కింద దాచిందంటే అది తెలియక చేసిన పని కాదు. నేను ఆ రోజు అన్నది మాత్రం తెలియనిదానికి చెప్పినట్టే.

ముందుగా నేను అన్న మాట ఒకటుంది. నిరుడు ఆగస్టులో ఒక ఆదివారం, ఇంటి పూజ అయిపోయింది, పుస్తకం మూస్తూ, దేన్నో వెతుక్కుంటూ, ఊరికే అన్నాను. "దాని రుచి ఎట్లుంటదో గూడ మరిచిపోయిన అక్కా." అని అక్కకు జావ కలపడానికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చి చూస్తే అక్క నావైపే చూస్తోంది. ఏం కావాలక్కా అని అడిగాను. సైగ కూడా చేయలేదు. జావ తాగింది. అంతే. ఆ మాట ఆమెలో ఎక్కడ పడిందో నాకు తెలియదు. బడిలో కూడా అంతే, మనం ఊరికే అన్నది ఏ పిల్ల మనసులో ఎన్నేళ్ళు ఉంటుందో తెలియదు, అందుకే మాట జాగ్రత్త అని కొత్త టీచర్లకు చెబుతుంటాను.

సెప్టెంబరు మొదటి శుక్రవారం బాలశౌరి గారు వచ్చారు. నేను బడిలో ఉన్నాను. ఎప్పుడూ బడిలోనే ఉన్నాను ఆ గంటకు, సెలవుల్లో అయితే ఏదో బజారు పని పెట్టుకుని. తరువాత సమ్మె మొదలైంది. బళ్ళు మూశారు, బస్సులు ఆగాయి, మేము టీచర్లం కూడా రోడ్డు మీద కూర్చున్నాం కొన్నాళ్ళు. దసరా వచ్చింది, ఆ సాయంత్రం కిషన్ రావు గారు పైకి వచ్చి జమ్మి ఆకు అక్క ఎడమచేతిలో పెట్టి బంగారం తీసుకో ఫిలోమినా అన్నారు. తెల్లవారి అక్టోబరు మొదటి శుక్రవారం. ఈ ఒక్కసారి నేను ఇంట్లో ఉన్నాను. రెండేళ్ళలో మొదటిసారి బాలశౌరి గారు వచ్చే వేళకు నేను ఇంట్లో ఉన్నాను. అక్క పొద్దున్నే లేచి స్నానం చేయించమని సైగ చేసింది, తెల్లచీర కట్టమంది, నన్ను కూడా చీర మార్చుకోమంది. రెండు చేతివేళ్ళు చూపించింది, ఇద్దరం అని. పదిన్నరకు ఫోను. "బస్సులు లేవు టీచరమ్మా, ఆటోలోడు బంద్ అంటుండు. నడుద్దామంటే మోకాళ్ళు మొండికేసినయ్. ఫిలోమినమ్మను జర తమాయించుకోమనుండ్రి" అన్నారు. తమాయించుకోమని అక్కకు చెప్పాను. నిజం రాయాలంటే, నాకు ఊపిరి తేలికయింది.

అప్పుడు అక్క దిండు కింద చెయ్యి పెట్టింది. చాలాసేపు వెతికింది. పుస్తకం తీసి, గుడ్డ తీసి, ఒడిలో పెట్టుకుని, వేలితో మడత విప్పి, నా వైపు చాచింది. ముఖం వెలిగిపోతోంది. మాట పోయిన ఇన్నాళ్ళలో ఆ ముఖం నేను చూడలేదు. గుడ్డలో సగం. సెప్టెంబరుది. బాలశౌరి గారు అక్క అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకుని జపం చెప్పేవారు. ఇరవై ఆరేళ్ళు పీఠం సేవ చేసిన మనిషి నోట్లో వేసుకుందో లేదో ఆయన ఎందుకు చూస్తారు? అక్క బొటనవేలితో విరిచింది. తన సగం తను తీసుకుంది. నా సగం అట్టిపెట్టింది. ఎవరూ రాని రోజు రానే వచ్చింది, చూడు, ఆయన ముందే వచ్చి కూర్చున్నాడు, తీసుకో. అదంతా ఆ చెయ్యిలో ఉంది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. మొత్తం అర్థమైంది, అర్థమయ్యే అన్నాను.

"ఎవరు చెప్పిండ్రక్కా నీకు గిట్ల చెయ్యమని? దేవుణ్ణి దిండు కింద పెట్టుకుంటరా? ఇరవై ఆరేండ్లు గుళ్ళె చేసి నువ్వు నేర్చుకున్నది గిదేనా?"

నా గొంతు పెద్దది కాలేదు. తరగతిలో కూడా నేను అరవను. నెమ్మదిగా, ఒక్కో మాట విడిగా అంటాను, పిల్లలు దానికే ఎక్కువ భయపడతారు. అక్క చెయ్యి అట్లాగే ఉంది. "నోట్లె వేసుకో. నువ్వే. ఇప్పుడే" అన్నాను. వేసుకుంది. మింగుడు పడలేదు. చెంచాతో నీళ్ళు పోశాను. వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషి లేచిపోతే వడ్డించినవాళ్ళు ఎట్లా చూస్తారో అట్లా చూసింది. నేను గుడ్డను మూడుసార్లు నీళ్ళలో ముంచి, ఆ నీళ్ళు కిందికి తీసుకుపోయి తులసికోటలో పోసి, చెయ్యవలసింది చేశానన్న తృప్తితో మెట్లు ఎక్కాను. తృప్తి అనే మాటే రాస్తున్నాను. ఇంకో మాట రాస్తే అబద్ధమవుతుంది.

గుడ్డ ఆరిన తరువాత ఆమే సైగతో అడిగి తీసుకుంది. ఇచ్చాను, పాత గుడ్డే కదా అని. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. నాలుగు మొదటి శుక్రవారాలు. మళ్ళీ ఒక్కసారి కూడా నా వైపు చెయ్యి చాచలేదు. దాచడం మానలేదు.

అక్క పోయిన పదకొండో రోజున కురుమమ్మ వచ్చింది. గడప మీద కూర్చుని టీ తాగింది, ఖాళీ మంచం వంక చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తరువాత అడిగింది, "టీచరమ్మ, అక్క నీకని పెట్టింది తిన్నవా?"

"ఏం పెట్టింది?"

"గదే, తెల్లగుంటది జూడు, పల్చగ. సగం తను తినేది, సగం బట్టల చుట్టేది. ఎవలికమ్మ అని అడిగిన ఒక దినం. గాలిల గిట్ల బలపం తోని రాసినట్టు ఏళ్ళు తిప్పింది. రాసేది నువ్వే గద. గంతంత దాన్ని సగం చేస్తే ఎవలి కడుపు నిండుతదమ్మ అన్న. పకపక నవ్వింది మీ అక్క. నోరు వంకర పోయినా నవ్వు మంచిగుండె."

"నాకెందుకు చెప్పలేదు కురుమమ్మా?"

"నోటి మీద ఏలు పెట్టింది, చెప్పకు అని. నువ్వు మల్ల కొడ్తవని భయమేమో."

"నేనెప్పుడన్న అక్కను కొట్టిన్నా?"

"కొట్టలే. నీకు కొట్టుడెందుకు? మాట చాలు" అని గ్లాసు కడిగి బోర్లించి, వస్త టీచరమ్మ, పైలం, అని వెళ్ళిపోయింది. ఏమీ తప్పు మాట్లాడలేదు. తిట్టలేదు. ఉన్నది చెప్పింది.

ఇప్పుడు గుళ్ళో యేసు శ్రమల చరిత్ర చదువుతుంటారు. మట్టల ఆదివారం అది చాలా పొడుగు, అందరూ నిలబడి వినాలి, ముసలివాళ్ళు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంటారు. ఇంటి పూజలో నేను అది మొత్తం చదివేదాన్ని, ఒక వాక్యం వదలకుండా. పేతురు యేసును ఎరుగనన్న చోట అక్క ప్రతిసారీ కళ్ళు మూసుకునేది. ఈరోజు నేను చదవలేదు. పుస్తకం తెరిస్తే గుడ్డ తగులుతుంది.

బాలశౌరి గారిని ఒక్కసారి అడిగి ఉంటే ఆయన ఏ ఆదివారమో, ఏ సాయంత్రమో వచ్చేవారు. టీచరమ్మా మీకు గూడ తెస్త గద అని ఆయనే రెండుసార్లు అన్నారు. మీకెందుకండీ శ్రమ, మోకాళ్ళ నొప్పులు అన్నాను. అందరూ నా మర్యాదను మెచ్చుకున్నారు. అసలు సంగతి, నేను దేవునితో మాట్లాడడం మానేశాను. జపాలు చెప్పాను, మాట్లాడలేదు. పెళ్ళి చేసుకోకుండా, మిషను తొక్కి నన్ను చదివించి, ఆయన గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసిన మనిషిని, ఆ గుడ్డ ముందే, చేతిలో ఇస్త్రీపెట్టె ఉండగానే పడగొట్టినవాణ్ణి నాలుక మీద ఎట్లా పెట్టుకోను? ఇల్లు కదలడానికి వీల్లేదన్నది నాకు దొరికిన మంచి సాకు. గుడికి పోలేని చాలామంది ఆయన కోసం తపించిపోయి ఉంటారు. నేను తప్పించుకుని బతికాను. అక్క ఒక్కతే కనిపెట్టింది. ఆదివారం ఆదివారం తల వంచుకున్న నా ముఖం చూసి కనిపెట్టి ఉంటుంది, ఇది రావడం లేదు, దీన్ని ఆయన దగ్గరికి నేను తీసుకుపోలేను, ఆయన్నే దీని దగ్గర పెడతాను అని. మంచంలో నుంచి లేవలేని మనిషి చేయగలిగినది అదొక్కటే. దానికి నియమం అడ్డమని ఆమెకు తెలుసు. ఆ పాపం తన నెత్తిన వేసుకుంది. చివరి నాలుగు నెలలూ ఆ మాట బాలశౌరి గారికి చెప్పలేక, ఫాదర్ గారికి చెప్పలేక, నాకు చెప్పలేక, నోరు లేని మనిషి, ఒక్కతే మోసింది.

మెట్ల మీద అడుగులు. సులోచనమ్మ. చేతిలో ఒక మట్ట.

"టీచరమ్మా, మీవోళ్ళు మట్టలు పట్టుకొని మార్కెట్ మలుపు దాంక వచ్చిండ్రంట. మా కోడలు రాగిణి పాలకు పోతే ఎవరో ఒక ముసలామె దాని చేతిల పెట్టింది, మీ మేడ మీద టీచరుకు ఇయ్యమని. నువ్వింక పోలేదా? ఇప్పుడు ఎవరున్నరు నిన్ను ఆపేటందుకు…" అని, ఆ మాట తనకే గుచ్చుకుని ఆగిపోయింది. బల్ల వంక చూసింది. తెల్లబట్ట, కొవ్వొత్తి, నీళ్ళు. రెండేళ్ళుగా ఎరిగిన అమరిక. నన్ను ఏమీ అడగకుండానే గడప దగ్గర చెప్పులు విడిచింది, కొంగు నిండా కప్పుకుంది.

"ఎవరన్న వస్తున్నరా?"

"లేదమ్మా."

"మరి వచ్చిండా?"

నేను పుస్తకం వంక చూశాను. ఆమె ఇంకోసారి అడగలేదు. మట్టను కిటికీ అంచున పెట్టి, బల్ల వైపు రెండు చేతులు జోడించి, వెనక్కి వెనక్కి నడిచి, చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగింది. ఆమెకు తెలిసినంత కూడా నాకు తెలియదని అనిపించింది.

మూడు దారులున్నాయి. ఫాదర్ గారి దగ్గరికి తీసుకుపోయి ఇవ్వవచ్చు. ఆయన కోప్పడరు. పాపం ఆ తల్లి ప్రేమకొద్దీ చేసింది అంటారు, జాగ్రత్తగా పుచ్చుకుంటారు, చెయ్యవలసిన పద్ధతిలో చేస్తారు. కానీ అక్క చేసింది ఒక తప్పుగా ఆయన గదిలో నా నోటితో నమోదవుతుంది. అక్టోబరులో ఒకసారి ఆ మాట అన్నాను, రెండోసారి అనలేను. రెండో దారి, నీళ్ళలో వేసి, కరిగిపోయాక తులసికోటలో పోయడం. పోయడం నాకు తెలుసు. అట్లా పోసి మెట్లెక్కిన ఉదయం నాకు గుర్తుంది. మూడోది, తీసుకోవడం. ఇక్కడే, ఇప్పుడే, ఆమె చెప్పినట్టు. దానికి ముందు ఫాదర్ గారి చెవిలో పాపాలు చెప్పుకోవాలి, పాపసంకీర్తనం చెయ్యాలి, రెండేళ్ళది, దేవునితో మాట్లాడనిది, అక్కను అన్నది. అవన్నీ చెప్పకుండా నోట్లో వేసుకుంటే ఇంకో తప్పు. చెబితే మొదటి దారిలోకే వస్తాను. ఈ పాస్క కాలంలోనైనా ఒక్కసారి స్వీకరించాలన్నది తిరుసభ ఆజ్ఞ. పాస్క అంటే ఈస్టరు, వచ్చే ఆదివారమే. నియమాలన్నీ నాకు వరుసగా వచ్చు, ఎవరు అడిగినా చెప్పగలను.

గడియారం తొమ్మిదీ ఇరవై. అప్పం పైకెత్తే వేళ దాటిపోయింది, ఎవరూ గ్లాసు మీద కొట్టలేదు. గుళ్ళో ఇప్పుడు జనం వరుసలో కదులుతుంటారు, చేతులు జోడించి, ఒక్కొక్కరే. నేను మోకరించాను. గుడ్డ విప్పాను. కాలిన మచ్చ మీద నాలుగు సగాలు ఉన్నాయి. ఒకదాని అంచున అక్క బొటనవేలు నొక్కిన గుర్తు ఉందేమో అని చూశాను, లేదు, అంత పల్చటిదాని మీద గుర్తు పడదు. చెయ్యి చాచాను. చెయ్యి గుడ్డకు జానెడు దూరంలో ఆగింది. అక్క నాకు చాచిన చెయ్యి కూడా అంత దూరంలోనే ఆగింది, నేను ఆపితే. అక్కా, అన్నాను, పైకే. ఇన్నేళ్ళు తెలుగు చెప్పాను. ఒక్క మాట రాలేదు.

తొమ్మిదిన్నర దాటింది. వీధిలో లైబ్రరీ పిల్లలు లోపలికి పోయినట్టున్నారు, చప్పుడు లేదు. గుడ్డను మూడు మడతలు అటు, మూడు మడతలు ఇటు వేసి పుస్తకంలో పెట్టాను. కొవ్వొత్తి ఆర్పాను.

ఫాదర్ గారికి చెప్పలేదు. పుస్తకం దొరకలేదన్నది అబద్ధమని బాలశౌరి గారికి చెప్పలేదు. పాపసంకీర్తనం చేయలేదు. అక్కను క్షమాపణ అడగలేదు. ఆమె నా కోసం దాచిన నాలుగు సగాల్లో ఒక్కటి కూడా నేను ఇంకా స్వీకరించలేదు.